నిజాం విమానాలు, గొడుగు లేని చోదకులు



కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాము. ఎడ్లను కొనేటప్పుడు పండ్లు పట్టి చూస్తాము. కుండకు పగులుంటే మరుసటి అంగడినాడు పోయి కుమ్మరితో కయ్యమాడవచ్చు. ప్రాణం కాపాడవలసిన వస్తువు విషయంలో ఈ పద్ధతి చెల్లదు. అది పని చేయకపోతే ఫిర్యాదు చేయడానికి కొన్నవాడు మిగలడు. అది కాపాడినవాని మాట మాత్రమే లోకానికి వినబడుతుంది. ఈ చిక్కుముడిని విమాన చోదకులు ఎట్లా విప్పుకొంటూ వచ్చారో చెప్పడమే ఈ టపా ఉద్దేశం. ఆకాశం ముచ్చట గూడూరువాసికి ఎందుకు అని మీరనవచ్చు. ఆ చరిత్రలో మన హైదరాబాదు పేరు మూడు చోట్ల రాసి ఉన్నది.

2016 దాకా వరంగల్లు జిల్లాలో ఉండి, ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరిన మా గూడూరు, 1948 దాకా నిజాం ఏలుబడిలోనిది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆంగ్లేయులకు ధనసహాయం చేశాడు. ఆ కానుకతో సమకూరిన డి.హెచ్.9ఏ బాంబరు విమానాలు బ్రిటిషు వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రనుకు దక్కాయి. ఆ దళం పేరులో 'హైదరాబాదు' చేరింది. ఒక్కొక్క విమానం మీద అది నిజాం కానుక అని రాసి ఉండేది. రాజ్యపు ఖజానా రైతు కట్టిన శిస్తుతో నిండేది కనుక, ఆ రెక్కలలో ఈ ప్రాంతపు చెమట కూడా కొంత ఉన్నదని నేననుకుంటాను.

1918 సెప్టెంబరు నాటికి ఆ విమానాలు ఫ్రాన్సు చేరి జర్మనీ నగరాల మీద దాడులకు వెళ్ళాయి. వాటిలో కూర్చున్న చోదకునికీ, వెనుకనున్న తుపాకిదారునికీ ప్యారాచూట్ లేదు. ఆ సాధనం అప్పటికి పుట్టలేదా అంటే, పుట్టింది. యుద్ధరంగంలో బెలూన్ల నుండి శత్రువును గమనించేవారికి ప్యారాచూట్లు ఇచ్చారు. 1918లో జర్మన్ చోదకులకు హైనెకే ప్యారాచూట్లు అందాయి. ఆ ఏడాది జూన్‌లో ఎర్నెస్ట్ ఉడెట్ అనే ప్రసిద్ధ చోదకుడు దానితోనే బ్రతికి బయటపడ్డాడు.

ఇంగ్లండులోనూ ఒకాయన ప్యారాచూట్ తయారు చేసి పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన పేరు ఎవరార్డ్ కాల్త్రాప్, వృత్తి రైల్వే ఇంజనీరు. మన పొరుగున, సోలాపూరు ప్రాంతంలో బార్సీ లైట్ రైల్వేను నిర్మించినవాడు ఆయనే. దక్కను నేల మీద సన్న పట్టాలు పరచిన ఆ మనిషే తరువాత 'రక్షక దేవత' అనే అర్థం వచ్చే పేరుతో ప్యారాచూట్ రూపొందించాడు. వైమానిక అధికారులు దానిని చోదకులకు ఇవ్వలేదు. బరువెక్కువ, ఇరుకైన ఆసనంలో పట్టదు, తోకకు చిక్కుకొనే ప్రమాదం ఉన్నది అన్నారు. వీటిలో కొంత నిజం లేకపోలేదు. దానితోపాటు, చోదకుడు తొందరపడి విమానాన్ని వదిలి దూకుతాడేమో అనే శంక కూడా ఉండేదని చరిత్రకారులు రాశారు. మండుతున్న విమానంలో కూర్చోవలసినవాడు ఒకడు, అతనికి గొడుగు కావాలో వద్దో తేల్చేవాడు మరొకడు. రక్షణ సాధనాల చరిత్ర అంతటా ఈ ఎడబాటే కనిపిస్తుంది.

యుద్ధం ముగిసిన తరువాత మరొక సందేహం అడ్డువచ్చింది. గాలిలో పడిపోతున్న మనిషికి స్పృహ తప్పుతుంది, తాడు లాగి ప్యారాచూట్ తెరవడం అతని వల్ల కాదు అని చాలామంది నమ్మేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలోని మెకుక్ మైదానంలో లెస్లీ ఇర్విన్ విమానం నుండి దూకి, తన చేతితోనే తాడు లాగి చూపించాడు. నేలను తాకేటప్పుడు చీలమండ విరిగినా వాదం గెలిచింది. 1922 అక్టోబరులో హెరాల్డ్ హారిస్ అనే చోదకుడు విమానం చెడిపోయి దూకి బ్రతికాడు. ఇట్లా బ్రతికినవారితో 'గొంగళిపురుగుల సంఘం' ఏర్పడింది. ప్యారాచూట్‌కు పట్టునిచ్చే పట్టుపురుగును తలచుకొని పెట్టిన పేరది. సభ్యులకు ఇర్విన్ సంస్థ చిన్న పురుగు ఆకారంలో పిన్ను ఇచ్చేది.

ఆ సంఘం మంచిదే. కానీ దానిలో చేరగలిగినవారు ఎవరు? ప్యారాచూట్ తెరచుకొన్నవారు మాత్రమే. తెరచుకోనివారి సాక్ష్యం అందులో లేదు. మెప్పుల జాబితా ఎంత పొడవైనా అది సగం లెక్కే. అందుకే వైమానిక దళాలు మెప్పులను నమ్ముకొని ఊరుకోలేదు. ప్రతి ప్యారాచూట్‌నూ గడువు ప్రకారం విప్పి, ఆరబెట్టి, చిరుగులు చూసి, శిక్షణ పొందిన చేతులతో మళ్ళీ మడిచే ఏర్పాటు చేసుకొన్నాయి. ఎవరు మడిచారో సంతకంతో సహా రాసి ఉంచేవారు. వస్తువును కొన్ననాటి పరీక్ష ఒక్కసారిదే, కొన్న తరువాతి పరీక్షకు అంతం లేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు పేరు మళ్ళీ ఆకాశమెక్కింది. నిజాం కానుకకు గుర్తుగా 152వ, 253వ స్క్వాడ్రన్లకు మన రాజ్యం పేరు వచ్చింది. 152వ దళం చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది. దాని ఆదర్శ వాక్యానికి అర్థం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరులో 152వ దళం స్పిట్‌ఫైర్లతో, 253వ దళం హరికేన్లతో పాల్గొన్నాయి.

ఈసారి చోదకులు తమకేమి కావాలో తామే తేల్చుకోసాగారు. ఫ్రాన్సులోని ఒకటవ స్క్వాడ్రను చోదకులు, హరికేన్ ఆసనం వెనుక ఉక్కు కవచం ఉండాలని కోరారు. బరువు పెరిగి విమానం తూకం చెడుతుందని అధికారులు కాదన్నారు. చోదకులు విరిగిన బాంబరు నుండి కవచపు పలకను ఊడదీసి తమ హరికేన్‌కు బిగించారు, తామే నడిపి చూశారు, దానిని ఇంగ్లండుకు తీసుకుపోయి అధికారుల ముందు ఎగురవేశారు. ఆ తరువాత హరికేన్లకు కవచం వచ్చింది. కొందరు వెనుక వచ్చే శత్రువును చూడడానికి కారుకుండే అద్దాలను తెచ్చి పెట్టుకొన్నారు. నీటిలో పడితే తేల్చే కోటు సముద్రంలో కనబడదని, దానికి తామే పసుపురంగు పూసుకొన్నారు.

అయితే చోదకుని తీర్పు ఎల్లప్పుడూ సరియైనదే అని చెప్పలేము. చేతితొడుగులు వేసుకొంటే మీటల స్పర్శ తెలియదని, కంటి అద్దాలకు ఆవిరి పడుతుందని వాటిని పక్కన పెట్టినవారున్నారు. రిచర్డ్ హిల్లరీ అనే చోదకుడు 1940 సెప్టెంబరు 3న మంటల్లో చిక్కుకొన్నప్పుడు, చేతులకు తొడుగులు లేవు, అద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. చేతులూ ముఖమూ కాలిపోయాయి. అంతకు మూడు రోజుల ముందు, ఆగస్టు 31న, మన పేరున్న 253వ దళ నాయకుడు టామ్ గ్లీవ్ హరికేన్‌కు నిప్పంటుకొన్నది. ప్యారాచూట్‌తో ప్రాణం దక్కింది గాని ఒళ్ళు తీవ్రంగా కాలింది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆస్పత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అనే శస్త్రవైద్యుడు ఆయనకు కొత్త ముఖం కూర్చాడు. 1941లో అక్కడి రోగులు తమను తాము ప్రయోగపు జంతువులుగా పరిహాసం చేసుకొంటూ 'గినీ పిగ్ క్లబ్' పెట్టుకొన్నారు. దానికి ముఖ్యుడు గ్లీవే. 1918లో గొడుగే లేని హైదరాబాదు దళాల కథ, 1940లో గొడుగు ఉండీ నిప్పుకు అడ్డు లేని దగ్గరికి చేరింది.

పనికి అడ్డుపడే రక్షణ సాధనం కొన్నా కొననట్లే, మేకుకు వ్రేలాడుతుంది. ఆ తప్పు వాడేవానిదే అనుకోరాదు. వాడేవాని చేతిని ఎరుగకుండా తయారు చేసినవానిది కూడా.

ఒక్కొక్కప్పుడు ఎంపికను ఎవరికి వారికే వదలడం కూడా పనికిరాదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. ఎదురు విమానాన్ని పసిగట్టి హెచ్చరించే యంత్రాన్ని మన దేశంలో తప్పనిసరి చేసింది ఆ తరువాతనే. అటువంటి యంత్రం ఇద్దరి దగ్గరా ఉన్నప్పుడే పూర్తి ఫలం.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో చెప్పి ముగిస్తాను. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో, తాడెక్కే గౌడన్నల కోసం కాటమయ్య పేరిట రక్షణ కిట్ల పంపిణీ మొదలైంది. నా దగ్గర చదువుకొన్న ఒక గీత కార్మికుడు అటువంటి కిట్టును ఇంటి ముందు పరచుకొని కూర్చుండగా చూశాను. కుట్లు వేలితో తడిమాడు. కొక్కెం పదిమార్లు వేసి తీశాడు. పొట్టి తాడుకు కట్టుకొని, నేల నుండి నడుమెత్తున వ్రేలాడి చూశాడు. పక్కన పాత మోకూ ముత్తాదూ ఉన్నాయి.

"ఏది మంచిగున్నది?" అని అడిగాను.

"ఇప్పుడే ఏం చెప్తం సారూ. నాలుగు వానలు తడవాలె, నాలుగు ఎండలు ఎండాలె. కొత్తదైనా పాతదైనా, పొద్దుగాల ఎక్కేముందు గుంజి చూసుడు మాత్రం తప్పది" అన్నాడు.

కాల్త్రాప్ ప్యారాచూట్‌ను పక్కన పెట్టిన అధికారులకు లేనిది, హరికేన్‌కు పలక బిగించిన చోదకులకు ఉన్నది, ఈ మాటలో ఉన్నది. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఆ పూట పాఠం చెప్పింది నా శిష్యుడే. మీ ఊళ్ళలో ప్రాణం పణంగా పెట్టి పని చేసేవారు తమ సాధనాలను ఎట్లా పరీక్షించుకొంటారో చూసి రాయండి. చదవాలని ఉన్నది.

స్వస్తి.