ఆదివారం, డప్పు, మంచినీళ్ల చెరువు

చర్చి చుట్టుపక్కల జనంతో కలవాలని సభల్లో తరచూ వింటున్నాం. చుట్టుపక్కల అంటే ఎవరు? మన పల్లెటూళ్లలో చాలాచోట్ల చర్చి ఊళ్లో ఉండదు, పల్లెలో ఉంటుంది. దాన్ని ఆనుకుని పల్లె, పల్లెకు అవతల ఊరు. ఈ రెంటితో చర్చికున్న సంబంధం ఒకటి కాదు. ఒంగోలు ప్రాంతాన్ని తీసుకుని ఈ తేడాను చూద్దాం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాక, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. మిషన్ చరిత్రలు క్లౌను ముందు నిలబెడతాయి. కాని మాదిగపల్లెల్లోకి ఆ మాటను తీసుకెళ్లినవాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. వ్యాపారానికీ బంధుత్వాలకీ నడిచిన దారులే మతానికీ దారులయ్యాయని మా అభిప్రాయం.

చేరినవాళ్లకు మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. పైకి ఇవి మతనియమాలే. మరి మాదిగ బతుకులో? అతను ఊరికి చెప్పులు కుట్టాలి, మోటకు తోలు ఇవ్వాలి, పిలిస్తే వెట్టికి పోవాలి, జాతరలో డప్పు కొట్టాలి. ఆదివారం రానన్నాడంటే వారానికొక రోజు వెట్టి ఆగినట్టే. డప్పు కొట్టనంటే దేవర ఊరేగింపే ఆగుతుంది. ఊరు ఊరుకుంటుందా? కుమ్మరిని కుండలు అమ్మనివ్వలేదు, చాకలిని బట్టలు ఉతకనివ్వలేదు. బీటిలోంచి పశువుల్ని తోలేశారు. కోతలప్పుడు పనికి రానివ్వక గింజలు లేకుండా చేశారు. చర్చికీ ఊరికీ మొదటి పరిచయం ఇలా సాంఘిక బహిష్కారంతో జరిగింది.

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలు. జనం గంజి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారన్న సంగతి మాత్రం ఆ అనేవాళ్లకు గుర్తుండదు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు.

ఇందులో పోయిందీ ఉంది. వెట్టి డప్పును వద్దనడం తిరుగుబాటే. కాని వెట్టితో పాటు డప్పునే దయ్యాలదని బయటపడేశారు. పల్లెలో చర్చికి రానివాళ్లు అప్పట్నుంచీ బోధించాల్సినవాళ్లుగా కనబడ్డారేగాని, ఇరుగుపొరుగుగా కనబడలేదు.

వందేళ్లు దాటాక అదే నేల మీద, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దని ఒక మాదిగ మహిళ ఎదురుతిరిగింది. ఆమె పేరు సువార్త. మర్నాడు, 1985 జులై 17న, కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చనిపోయినవాళ్లలో మోషే ఉన్నాడు, అబ్రహాం ఉన్నాడు. బతికినవాళ్లు చీరాల పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజు ఆ గేటు దగ్గర బాప్తిస్మం అయిందా అని ఎవరూ అడిగి ఉండరు. పల్లెతో చర్చి ఎలా కలవాలో మాకు ఇంతకంటే స్పష్టంగా చూపే ఘట్టం ఇంకోటి దొరకలేదు.

1994 జులై 7న అదే జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది, డప్పునే గుర్తుగా పెట్టుకుని. చర్చి గుమ్మం బయట వదిలిన డప్పును ఉద్యమం ఎత్తుకుంది.

మా పల్లె చర్చి క్రిస్మస్ ఊరేగింపుకు ఇప్పటికీ పట్నం నుంచి బ్యాండు మేళాన్ని పిలుస్తారు. డప్పు ఎందుకు పెట్టరని అడిగాం. "అది దేవర్లది గదయ్యా" అన్నారు పెద్దలు. కూటం ముగిశాక వాళ్లలో ఒకాయన మా వెనకే వీధిలోకొచ్చి, "మా నాయన కొడితే రెండూళ్లకి వినబడేది" అని మెల్లగా చెప్పి లోపలికి పోయాడు.