బేస్ గిటార్ కాంబో ఆంప్లిఫయర్

ఆంప్లిఫయర్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండే పరికరం. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ గిటారును, మరుసటి ఏడాది దానికోసమే బేస్‌మ్యాన్ ఆంప్లిఫయర్‌ను తెచ్చాడు. బేస్ గిటార్ లావు తీగ కంపనాలు సెకనుకు సుమారు 41. ఐదు తీగల గిటారులో 31 దాకా దిగుతుంది. అంత మంద్రాన్ని మోయడానికి పెద్ద స్పీకరు, ఎక్కువ వాట్లు కావాలి. మామూలు గిటార్ ఆంప్‌లో బేస్ గట్టిగా వాయిస్తే స్పీకరు చిరిగిపోవచ్చు.

ఇంట్లో సాధనకు 30 వాట్లు చాలు. డ్రమ్స్ పక్కన నిలబడాలంటే 200 నుంచి 300 వాట్లు, 12 లేదా 15 అంగుళాల స్పీకరు ఉండాలి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే. అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు.

ఆదోనిలో పెళ్లి వేదికైనా, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర లాంటి ఆరుబయలైనా జనానికి వినిపించేది సౌండ్ సిస్టమే. కాంబో మాత్రం వాయించేవాడి చెవికోసం. కాబట్టి మిక్సర్‌కు నేరుగా కలిపే డీఐ అవుట్ లేనిది కొనడం దండగ. కరెంటు హెచ్చుతగ్గులుండే చోట స్టెబిలైజర్ మంచిది. పాతది కొంటుంటే లావు తీగను గట్టిగా మీటి, పెట్టె గరగరలాడుతుందేమో విని మరీ డబ్బివ్వండి.