విమానాశ్రయం పక్కన పాత ఇల్లు

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి డల్లెస్ విమానాశ్రయం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇండియాలో ఉన్న బంధువులకి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా అది డాలస్సే. "మీ టెక్సస్‌లో ఎండలెలా ఉన్నాయి?" అని మా పెదనాన్న గారు ఇప్పటికీ అడుగుతారు. నేను 2004లో రెండు పెట్టెలతో, నాలుగు ఆవకాయ సీసాలతో అక్కడే దిగాను. ఆ తర్వాత ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి, గుడి అన్నీ ఆ విమానాశ్రయానికి పది మైళ్ల లోపలే కుదిరాయి. రోజూ ఆఫీసుకి రూట్ 28 మీద వెళ్తుంటే దారి పక్కన ఒక గోధుమరంగు బోర్డు కనబడేది: సల్లీ హిస్టారిక్ సైట్. పన్నెండేళ్ల పాటు దాన్ని చూస్తూనే వెళ్లాను తప్ప ఒక్కసారి కూడా కారు అటు తిప్పలేదు.

తిప్పించింది మా అబ్బాయి. వర్జీనియా బడుల్లో నాలుగో తరగతిలో రాష్ట్ర చరిత్ర పాఠం ఉంటుంది. ఏదో ఒక చారిత్రక స్థలం చూసి ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. మౌంట్ వెర్నన్ దూరం, వానగా ఉంది, దగ్గర్లో ఏముందా అని వెతికితే ఈ బోర్డు గుర్తొచ్చింది. అలా 2016లో, ఒక హోంవర్కు పుణ్యమా అని, ఆ ఇంటి గుమ్మం తొక్కాం.

మనకి కోటలు, గుళ్లు చూడటం అలవాటు. ఎవరో ఒకాయన కాపురమున్న ఇంటికి టికెట్టు కొనుక్కుని వెళ్లి ఆయన మంచం, కంచం, కొవ్వొత్తి స్టాండు చూసి రావడం నాకు మొదట్లో వింతగానే అనిపించింది. ఈ అలవాటు అమెరికాలో ఎప్పుడు మొదలైందో తర్వాత చదివాను. 1850లో న్యూయార్క్ రాష్ట్రం న్యూబర్గ్‌లోని హాస్‌బ్రూక్ ఇంటిని కొని జనానికి తెరిచింది. యుద్ధకాలంలో జార్జ్ వాషింగ్టన్ అక్కడ మకాం వేశాడు. మరి వాషింగ్టన్ సొంత ఇల్లు మౌంట్ వెర్నన్ మాటేమిటి? అది అప్పటికి పెచ్చులూడిపోతోంది. కొనమంటే అటు కేంద్రం, ఇటు వర్జీనియా రాష్ట్రం రెండూ తప్పుకున్నాయి. 1853లో దక్షిణ కరోలినాకి చెందిన ఆన్ పమెలా కనింగ్‌హామ్ అనే ఆవిడ, మగవాళ్లు చేయకపోతే ఆడవాళ్లం చేద్దామని పూనుకుంది. ఆవిడకి ఒంట్లో ఎప్పుడూ బాగుండేది కాదు. పైగా ఆడవాళ్లకి ఓటు లేని రోజులు. అయినా రాష్ట్రాల వారీగా ప్రతినిధుల్ని పెట్టి చందాలు పోగేయించింది. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే వక్త ఊరూరా ఉపన్యాసాలిచ్చి దాదాపు 69 వేల డాలర్లు సమకూర్చాడు. 1858లో ఇల్లు, 200 ఎకరాల భూమి కలిపి 2 లక్షల డాలర్లకి బేరం కుదిరింది. ఆ మహిళా సంఘమే ఈనాటికీ మౌంట్ వెర్నన్‌ని నడుపుతోంది. సంఘం పెట్టిన మూడో ఏడాదికే రెండుగా చీలిపోయే మన తెలుగు సంఘాల వాళ్లం ఈ ఒక్క సంగతైనా చదువుకోవాలి.

సల్లీ అంత పెద్ద ఇల్లు కాదు. 1794లో రిచర్డ్ బ్లాండ్ లీ కట్టించాడు. ఉత్తర వర్జీనియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కి వెళ్లిన మొట్టమొదటి సభ్యుడు. తర్వాతి కాలంలో అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని అయిన రాబర్ట్ ఇ. లీకి ఈయన పినతండ్రి వరస. 1790లో రాష్ట్రాల యుద్ధపు అప్పుల్ని కేంద్రం నెత్తికెత్తుకోవాలా వద్దా అని పెద్ద గొడవ నడిచింది. రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకి వస్తుందనే ఒప్పందం మీద ఓటు మార్చుకున్న వాళ్లలో ఈయనొకడు. మనలో సగం మందికి ఈ ప్రాంతంలో ఉద్యోగాలుండటానికి కారణం రాజధాని ఇక్కడ ఉండటమే కదా, ఆ లెక్కన ఆయన ఓటుకి మనం కూడా కాస్త రుణపడ్డట్టే. ఆయన భార్య ఎలిజబెత్ ఫిలడెల్ఫియాలోని క్వేకర్ల ఇంటి పిల్ల. అప్పులు పెరిగి 1811లో ఇల్లు బంధువుకే అమ్మేశారు. ఆ తర్వాత చేతులు మారుతూ 1840లలో న్యూయార్క్ నుంచి వచ్చిన హెయిట్ అనే క్వేకర్ కుటుంబం చేతికొచ్చింది.

ఇంటి వెనక వంటిల్లు, చాకిరేవు పని ఒకే కప్పు కింద ఉంటాయి. మాంసం పొగబెట్టే కొట్టు, రాతితో కట్టిన పాలకొట్టు వేరుగా ఉంటాయి. వంటింటిని పెద్దింటికి దూరంగా ఎందుకు కట్టారని మా అబ్బాయి అడిగాడు. నిప్పు భయం, వేడి, వాసన అని గైడు చెప్పింది. చెప్పి ఒక్క క్షణం ఆగి, "ఆ పొయ్యి ముందు నిలబడింది లీ కుటుంబం వాళ్లు కాదు, వాళ్లు బానిసలుగా ఉంచుకున్న మనుషులు" అంది. అక్కణ్ణించి కొంచెం దూరం నడిస్తే దుంగలతో కట్టిన ఒక గది. ఒకప్పుడు బానిసలు బతికిన చోటే, ఆ కాలపు నమూనాలో మళ్లీ కట్టారు. మట్టినేల, ఒక పొయ్యి, ఒక మూల గడ్డిపరుపు. పెద్దింట్లో అరగంట తిరిగిన మావాడు ఆ గదిలో రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయాడు. బడికిచ్చిన పేజీలో మాత్రం ఆ గది గురించే రాశాడు.

ఈ ఇళ్లు అన్నీ మొదటినుంచీ ఇలా మాట్లాడలేదు. మౌంట్ వెర్నన్‌లో 1799లో, అంటే వాషింగ్టన్ పోయిన ఏడాది, 317 మంది బానిసలుండేవారు. వాళ్లని పాతిపెట్టిన చోట 1929లో ఒక చిన్న రాయి వేశారు. సరైన స్మారకం రావడానికి 1983 దాకా పట్టింది. దాని నమూనా గీసింది హోవర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. మాంటిసెల్లో సంగతి మరీను. మనుషులంతా సమానమని రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని సొంతదారుగా అట్టిపెట్టుకున్నాడు. ఆయన పోయాక, 1827 జనవరిలో, ఆ కొండమీదే 130 మందిని వేలం వేశారు. శాలీ హెమింగ్స్ పిల్లలకి జెఫర్సనే తండ్రి అన్న మాటని చరిత్రకారులు ఏళ్ల తరబడి కొట్టిపారేశారు. 1998లో డి.ఎన్.ఏ. పరీక్ష జరిగాక, 2000లో ఆ ఇంటిని నడిపే సంస్థే అది నిజమయ్యే అవకాశం చాలా ఎక్కువని ఒప్పుకుంది. 2018లో శాలీ హెమింగ్స్ కథని ఒక గదిలో ప్రదర్శనగా పెట్టింది.

ఆ మాంటిసెల్లో మెట్ల దగ్గరే 1963 నుంచి జూలై 4న కొత్త పౌరులతో ప్రమాణం చేయిస్తున్నారు. మా మిత్రుడొకరు అక్కడ ప్రమాణం చేసిన రోజున నేనూ వెళ్లాను. ఎండ మండిపోతోంది. పట్టుచీరల్లో ఇద్దరు ముగ్గురు మనవాళ్లు, తలపాగాలతో కొందరు, కాగితపు జెండాలు, బ్యాండు. నిజం చెప్పాలంటే ఒళ్లు పులకరించింది. అదే రోజు మధ్యాహ్నం అదే కొండ దిగువన బానిసల ఇళ్ల వరసలో నడిచాం. రెండూ ఒకే చోట, ఒకే పూట చూడటం మంచిదే అనిపించింది. విడివిడిగా చూస్తే ఏదో ఒకటి మరిచిపోతాం.

సరే, సల్లీకి వద్దాం. ఒకసారి వెళ్లి వచ్చాక మెయిలింగ్ లిస్టులో పేరు చేరింది, ఇక ఏడాది పొడుగునా ఏదో ఒక పిలుపు. జూన్‌లో ఫాదర్స్ డే నాడు పాతకార్ల ప్రదర్శన, సెప్టెంబర్లో బొంతల పండగ (మా అమ్మ కుట్టే పాతచీరల బొంతలు తెచ్చి పెడితే వీళ్లు నోళ్లు వెళ్లబెడతారు), డిసెంబరులో కొవ్వొత్తుల వెలుగులో ఇల్లు చూపించడం. కౌంటీ పార్కుల శాఖ నడుపుతుంది కనక ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఇంతమంది తెలుగువాళ్లం ఇక్కడ ఉన్నామా, ఆ కార్ల ప్రదర్శనలో తెలుగు మాట వినబడటం మాత్రం అరుదు. ఉగాదికి హైస్కూలు ఆడిటోరియం దొరకలేదని కొట్టుకుంటాం గానీ, ఊళ్లో ఇంకో పండగ జరుగుతోందని చూడం.

2023 జూన్‌లో మా నాయన వచ్చినప్పుడు ఆ కార్ల ప్రదర్శనకి తీసుకెళ్లాను. పాత ఫోర్డు కార్లు చూసి ముచ్చటపడ్డాడు. నడినెత్తిన విమానాలు దిగుతూ ఉన్నాయి. పచ్చిక చివర కంచె, ఆ అవతల విమానాశ్రయమే. ఇల్లంతా చూపించి గైడు మమ్మల్ని వరండాలోకి తెచ్చింది. విమానాశ్రయం కట్టేటప్పుడు ఈ ఇల్లు కూడా పోవలసిందేనని, ఊళ్లో పెద్దలు గట్టిగా పట్టుబడితే 1959లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సంతకంతో చట్టం చేసి నిలబెట్టారని చెప్పింది. నేను తెలుగులో చెబుతున్నాను. మా నాయన అంతా విని, "ఇల్లు నిలబెట్టినారు, సంతోషం. మరి ఈ పక్కన ఊర్లు లేవా? వాళ్లు యాడికి పోయినారో అడుగు" అన్నాడు.

అడిగాను. ఆవిడ వెంటనే "విల్లర్డ్" అంది.

ఇప్పుడు రన్‌వేలున్న చోట విల్లర్డ్ అని ఒక చిన్న ఊరుండేది. ఎక్కువమంది నల్లవాళ్లు. పొలాలు, ఇళ్లు వాళ్ల సొంతం. నిజానికి విమానాశ్రయం ముందు అక్కడ అనుకోలేదు. 1951లో ప్రభుత్వం బర్క్ అనే చోట భూమి కొనడం మొదలుపెడితే అక్కడి జనం గట్టిగా ఎదురు తిరిగారు. వ్యవహారం ఏళ్ల తరబడి నానింది. చివరికి 1958 జనవరిలో ఐసన్‌హోవర్ ఈ చోటు ఖాయం చేశాడు. విల్లర్డ్‌లో 87 మంది భూయజమానుల ఆస్తుల్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. మొత్తం పదివేల ఎకరాల దాకా సేకరించారు. 1962 నవంబర్ 17న కెనెడీ వచ్చి విమానాశ్రయం ప్రారంభించాడు. ఈరో సారినెన్ గీసిన ఆ వంపు కప్పు కింద నిలబడి ఎవరమైనా ఫోటో దిగకుండా ఉన్నామా? బర్క్ కోసం కొన్న భూమిలో ఇప్పుడు చెరువూ పార్కూ ఉన్నాయి. మన వనభోజనాలు అక్కడే.

మా నాయన ఇంకేమీ అనలేదు. ఆయన అలా ఎందుకు అడిగాడో నాకు తెలుసు. మా ఊరు శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊళ్లలో ఒకటి. 1981లో ఊరు ఖాళీ చేసేనాటికి నాకు రెండేళ్లు, ఏమీ గుర్తులేదు. ఆ మునకలోంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయికి రాయి విప్పి, అలంపురం తెచ్చి, ఉన్నదున్నట్టు మళ్లీ కట్టారు. చిన్నప్పుడు ఏటా అక్కడికి వెళ్లేవాళ్లం. అద్భుతమైన పని, ఎవరు చూసినా మెచ్చుకుంటారు. గుడి చుట్టూ తిరుగుతూ మా అవ్వ, "దేవుడికి ఇల్లు దొరికె" అనేది. ఆ మాటలో భక్తి ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకిప్పటికీ తెలియదు. వేసవిలో జలాశయం వెనక్కి తగ్గితే పాత ఊరి గోడల మొదళ్లు తేలతాయి. మా నాయన ఇప్పటికీ వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్లి చూసొస్తాడు. ఇది మా వాకిలి, ఇది రచ్చబండ అని చెప్పడానికి పక్కన ఎవరూ లేకపోయినా వెళ్తాడు.

నేను అది చాదస్తం అనుకునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఫోన్లో విసుక్కున్నాను కూడా, ఈ వయసులో ఆ బురదలో ఎందుకు తిరగడమని. సల్లీలో టికెట్టు కొని ఎవరి మంచమో చూసి మెచ్చుకున్న నాకు అలా విసుక్కునే హక్కు ఉందా?

అలాగని ఆ ఇల్లు నిలబెట్టడం తప్పని కాదు. అది లేకపోతే విల్లర్డ్ పేరు చెప్పే గైడు కూడా ఉండేది కాదు, మా నాయన ఆ ప్రశ్న అడగడానికి ఒక వరండా ఉండేది కాదు. మన దగ్గర అలాంటి వరండాలే తక్కువ. విజయనగరంలో గురజాడ ఇల్లుంది, రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లుంది. కడపలో బ్రౌను దొర బంగళా శిథిలమైపోతే ఆ చోట గ్రంథాలయం వెలిసింది, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల. ఇవన్నీ గొప్పవాళ్ల ఇళ్లు. ఒక పాలేరు గుడిసె ఎలా ఉండేదో చూపించమని మనవాణ్ణి తీసుకెళ్దామంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?

వచ్చేముందు గైడు సందర్శకుల పుస్తకం చూపించి సంతకం చేయమంది. పేరు, ఊరు రాయాలి. నేను మా ఇంటి జిప్‌కోడ్ రాశాను. మా నాయన కళ్లజోడు పెట్టుకుని, తెలుగులో, మునిగిపోయిన ఊరి పేరు రాశాడు. అదెక్కడుందని ఆవిడ అడిగితే నీళ్ల కింద అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ పేరు ఎలా పలకాలో అడిగి, రెండుసార్లు పలికి చూసుకుంది.

ఆ ఏడు శీతాకాలంలో నేను సల్లీలో వాలంటీర్‌గా చేరాను. నా యాసలో 1794 గురించి చెబుతుంటే కొందరు ఆశ్చర్యంగా చూస్తారు, అలవాటైపోయింది. పర్యటన లీ కాలానికి సంబంధించింది కనక విల్లర్డ్‌కి అందులో చోటు తక్కువ. విమానం శబ్దానికి మాట ఆపవలసి వచ్చినప్పుడల్లా ఆ ఊరి గురించి నాలుగు మాటలు చెబుతున్నాను. ఫెయిర్‌ఫాక్స్ లైబ్రరీలో వర్జీనియా రూమ్ అని పాత కాగితాలుండే గది ఒకటుంది. శనివారాలు అక్కడ కూర్చుని 1958కి ముందు మ్యాపులు చూస్తున్నాను. నాలుగో తరగతి హోంవర్కు చేసిన మావాడు ఇప్పుడు కాలేజీకి వెళ్లాడు. సెలవులకి వచ్చినప్పుడు వాడూ వచ్చి, పాత మ్యాపుని ఇప్పటి మ్యాపు మీద పెట్టి చూపించే ప్రోగ్రాం ఒకటి రాశాడు. దాన్ని మా నాయనకి వీడియోలో చూపించాం. కాసేపు చూసి, "ఇట్లాంటిది మన ఊరికి చేస్తారా?" అన్నాడు. పాత సర్వే మ్యాపు కావాలి. వచ్చే వేసవిలో వెళ్లినప్పుడు కర్నూలులో అడగాలి.