మురానో బరోవియెర్లు: వంశం వేరు, సంస్థ వేరు

వెనిస్ పక్కనున్న మురానో దీవిలో బరోవియెర్ వంశీకుల గాజు పని ఆనవాళ్లు 14వ శతాబ్ది పత్రాల నాటికే కనిపిస్తాయి. అది చూపించి నేటి ‘బరోవియెర్ అండ్ టోజో’ను ఏడు వందల ఏళ్ల కుటుంబ సంస్థ అనడం రివాజైంది. వంశం వరకు ఆ మాట చెల్లుతుంది గాని సంస్థకు చెల్లదు. మరి ఇన్ని తరాలు దాటివచ్చిన ఆస్తి ఏది?

1291లో వెనిస్ ప్రభుత్వం నగరంలోని గాజు కొలుములను మురానోకు తరలించింది. అగ్నిప్రమాదాల భయం అందుకు చెప్పిన కారణం. పనివారంతా ఒకేచోట ఉంటే కిటుకులు దీవి దాటకుండా కాపలా కాయడమూ తేలికైంది. ఆ కిటుకుల్లో అన్నిటికన్నా విలువైనది, 1460లో మరణించిన ఆంజెలో బరోవియెర్ పేరుకు కట్టిన ‘క్రిస్తాల్లో’. తూర్పు మధ్యధరా తీరం నుంచి ఓడల్లో వచ్చిన మొక్కల బూడిదను నీళ్లలో కాచి, వడగట్టి, ఇగిర్చి క్షారాన్ని శుద్ధి చేసేవారు. తిచీనో నది పలుగురాళ్లను పొడిగొట్టి అందులో కలిపి, మిగిలిన రంగు విరగడానికి కాస్త మాంగనీసు వేసేవారు. స్ఫటికంలా తేటగా ఉండే గాజు దిగేది. అయితే శుద్ధిలో సున్నం పాలు కూడా పోవడంతో తేమకు తట్టుకునే శక్తి తగ్గేది. ఆ కాలపు పాత్రలు కొన్నిటిలో కనిపించే సన్నని పగుళ్లకు మూలం ఇదే.

ఆంజెలో శిష్యుడు జార్జో బల్లారిన్ గురువు సూత్రాల పుస్తకానికి రహస్యంగా నకలు తీసుకుని సొంత కొలిమి పెట్టాడని ఓ జనశ్రుతి. నిజమో కాదో గాని, దేన్ని దొంగిలిస్తే ఇల్లు గుల్లవుతుందో ఆ ఊరికి తెలుసునని ఈ కథ చెబుతుంది. ఆంజెలో కూతురు మరియెత్తాకు 1487లో చిన్న కొలిమి పెట్టుకునే అనుమతి దొరికింది. పొరలు పొరలుగా నక్షత్రం తేలే ‘రొజెత్తా’ పూస ఆమె సృష్టేనన్నది వాడుక. ఇంటి విద్య ఆమెకు అందిందనడానికి నా దృష్టిలో దానికన్నా ఈ అనుమతే గట్టి ఆధారం.

1797లో వెనిస్ రిపబ్లిక్ కూలింది. 1806లో నెపోలియన్ పాలన వృత్తి సంఘాలను రద్దు చేసింది. దీవిలో పని పడిపోయింది. విచెంజాకు చెందిన వకీలు అంతోనియో సాల్వియాతీ 1859లో మొజాయిక్ పనితో వ్యాపారంలోకి దిగి, ఆనక ఇంగ్లిష్ పెట్టుబడితో గాజు పాత్రలకు మళ్లాడు. బరోవియెర్లు ఆయన కొలిమిలో పనివారయ్యారు. సూత్రాలు తెలిసిన చేతులు వారివి, బోర్డు మీద పేరు వకీలుది. 1883 ప్రాంతంలో ఆ కొలిమి వారి చేతికొచ్చింది; ‘ఆర్తిస్తీ బరోవియెర్’ పేరు ఆ తర్వాతిది.

1889లో పుట్టిన ఎర్కోలె బరోవియెర్ వైద్యం చదివి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుటుంబ వ్యాపారంలో చేరాడు. 1930 ప్రాంతపు ఆయన ‘ప్రిమవేరా’ పాల తెలుపులో వలలాంటి పగుళ్లు తేలిన గాజు. పోతలో అనుకోకుండా కుదిరిన ఆ మిశ్రమం మళ్లీ కుదరక, వస్తువులు కొన్నే మిగిలాయి. రంగు పదార్థాన్ని పని చివర్లో, పూర్తిగా కరగకుండా, వేడి గాజులో కలిపే పద్ధతిని ఆయన తర్వాత రూపొందించాడు. 1936లో టోజో కుటుంబపు కంపెనీతో విలీనం జరిగింది. నేటి పేరు 1942 నాటిది. ఎటు లెక్కించినా సంస్థ వయసు 19వ శతాబ్ది చివరి పాదాన్ని దాటి వెనక్కి పోదు.