ఆముదం రాసుకున్న కారు

నా కొత్త నవల్లో నాయిక పాత స్పోర్ట్స్ కారు వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. మధ్యదారిలో కారు మొరాయించాలి. "క్లచ్ పాడైంది" అని రాసి ఊరుకున్నాను. మావారు చదివి, "పాడవడమంటే? జారుతోందా, విడవడం లేదా?" అన్నారు. చరిత్రలో బి.ఏ. చదివినదాన్ని, జవాబు తోచలేదు. పౌరుషం కొద్దీ మర్నాడే వీధి చివరి మోటారు షెడ్డుకి వెళ్ళాను. అక్కడ ఓ పాత రెండు సీట్ల కారు పొట్ట విప్పుకుని ఉంది. ఓ కుర్రాడు దాని క్లచ్ ప్లేటు చేతిలో పట్టుకుని, దుమ్ముని నోటితో ఉఫ్ అని ఊదుతున్నాడు.

ముసలి మెకానిక్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "ఇంజన్నీ చక్రాల్నీ కలిపేదీ, విడదీసేదీ క్లచ్చేనమ్మా. ఎత్తెక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి మాత్రం సాగదు, కాలిన వాసనొస్తుంది. అది జారడం. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు కరకరమంటుంది. అది విడవకపోవడం." పరీక్ష కూడా చెప్పాడు. చదునైన చోట, ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్ బ్రేకు గట్టిగా బిగించి, టాప్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజను ఆగిపోతే క్లచ్‌కి పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు.

రోగం తెలిసింది. ఇక మందు కోసం ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు చాలా కార్లలో క్లచ్ గరాటు ఆకారంలో ఉండేదట. దానికి తోలు తొడిగేవారు. ఆ తోలుకి నూనె అంటి జారుతుంటే ముల్తానీ మట్టి చల్లేవారు. ఎండి బిరుసెక్కి బండి కుప్పిగంతులు వేస్తుంటే ఆముదం పట్టించేవారు! మనం మొహానికీ తలకీ రాసుకునేవే కారుకీ వైద్యమన్నమాట.

ఇంగ్లండులో డెర్బీషైర్ కొండదారుల్లో గుర్రబ్బండ్లవాళ్ళు బ్రేకుకి పాత బూటు తోలు అడ్డుపెట్టడం హెర్బర్ట్ ఫ్రూడ్ చూశాడు. అంతకంటే మంచిది చేయాలని 1897లో పని మొదలుపెట్టాడు. తన ఇంటిపేరులోని అక్షరాలు తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి, తన సరుకుకి 'ఫెరోడో' అని పేరుపెట్టాడంటారు. బ్రేకుల్లో, క్లచ్‌ల్లో ఓ ఇల్లాలి పేరు దాగి ఉందంటే ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. వేడికి తట్టుకుంటుందని తోలు స్థానంలోకి రాతినార వచ్చింది. అదే ఆస్బెస్టాస్. 1924 జూన్‌లో బెంట్లీ స్పోర్ట్స్ కారు ఫ్రాన్సులో లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. అదే ఏడాది మార్చిలో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో నెల్లీ కెర్షా అనే 33 ఏళ్ళ ఆవిడ కన్నుమూసింది. మిల్లులో రాతినార నూలు వడికేది. ఊపిరితిత్తుల నిండా ఆ పొడే. మిల్లువాళ్ళు పరిహారం ఇవ్వలేదు. ఆమె మరణాన్ని వైద్య పత్రిక లోకానికి చెప్పింది. 1931లో ఆ దేశంలో మిల్లుల దుమ్ముకి కట్టడి నియమాలొచ్చాయి. ఆ సరుకుని పూర్తిగా నిషేధించడానికి 1999 దాకా పట్టింది. కానీ పాత కార్ల పొట్టల్లో ఆ పొడి ఇంకా ఉండొచ్చు.

పుస్తకం మూయగానే ఆ 'ఉఫ్' గుర్తొచ్చింది. చెప్పులేసుకుని మళ్ళీ షెడ్డుకి పరుగెత్తాను. నెల్లీ కథంతా చెప్పాను. ముసలాయన నమ్మాడో లేదో తెలియదు. కుర్రాడితో మాత్రం అన్నాను: "నాయనా, మీ అమ్మ దుమ్ము లేవకుండా నీళ్ళు చిలకరించి ఊడుస్తుందా లేదా? నువ్వూ ఊదకు. తడిగుడ్డతో తుడువు, ముక్కుకి కట్టుకో. ఆ గుడ్డ మళ్ళీ వాడకు."

వాడు సిగ్గుపడి నవ్వి, గుడ్డ తడుపుకొచ్చాడు.

నా నవల్లో క్లచ్ జారింది. దాన్ని బాగుచేసే కుర్రాడు మాత్రం ఊదడు.