ఒక పండు, నాలుగు పేర్లు



జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్న మనిషికి ఏ పండు రసం తీసి ఇస్తారని అడిగితే మీరు వెంటనే చెబుతారు. కాని అందరూ ఒకే పేరు చెప్పరు. యానాంవారు బత్తాయి అంటారు. అనంతపురాన్ని ఆనుకుని ఉన్న బళ్లారి, పావగడ వైపు తెలుగు ఇళ్లలో చీనీకాయ అంటారు. హోసూరు బజారులో అది సాత్తుక్కుడి. కన్నడ, మరాఠీ, ఒడియా అంగళ్లలో మోసంబి. బడిలో పిల్లవాడు ఇంటి మాట పలికితే తోటివాళ్లు నవ్వుతారు. మర్నాటి నుంచి వాడు ఆ మాట పలకడు. అందుకని ఈ పేర్లు ఎక్కడివో ఈవేళ చెప్పుకుందాం.

ముందు పండు సంగతి. ఇంగ్లీషులో దీన్ని 'స్వీట్ లైమ్' అనడం మన దేశంలో అలవాటైంది గాని, ఉద్యాన శాస్త్రం లెక్కలో ఇది నిమ్మ కాదు, తీపి నారింజ. అసలు తీపి నిమ్మ వేరే ఉంది. ఉత్తరాదిలో దాన్ని మీఠా నీంబూ అంటారు. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం సుమారు 5, 6 శాతం ఉంటే, బత్తాయిలో ఒక శాతం కూడా ఉండదు. పులుపు తక్కువ కాబట్టి సి విటమిన్ లేదనుకోకండి. ఆ విటమిన్ వేరు, పులుపు వేరు.

తీపి నారింజ పుట్టిల్లు చైనా వైపు. శాస్త్రజ్ఞులు పెట్టిన 'సైనెన్సిస్' అన్న పేరుకు చైనాది అనే అర్థం. మన చీనీ కూడా అదే మాట చెబుతోంది. డచ్చివారు 1605లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టారు. 1619లో జావా దీవిలో బటావియా నగరం కట్టారు. అదే నేటి జకార్తా. మన తీరపు బట్టలు ఓడలెక్కి అక్కడికి వెళ్లేవి. బత్తాయి అన్న మాట ఆ బటావియా నుంచే వచ్చిందంటారు. బెంగాలీలు పంపర పనసను బాతాబి లేబు అనడం గమనించండి. మోసంబికి మూలం ఆఫ్రికా తీరంలోని మొజాంబిక్ అని చెబుతారు. ఆ తీరం పోర్చుగీసు ఓడలకు మజిలీ.

ఇక సాత్‌గుడి. ఇది ఉత్తర ఆర్కాటు సీమలోని ఒక ఊరి పేరు మీద వచ్చిందని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి. అంటే రాయలసీమ రైతు తోటలో నాటే రకానికి తమిళనాటి ఊరి పేరు. ఆ తోటల కాయ మళ్లీ చెన్నై బజారుకు వెళుతుంది. ఇంకో విశేషం: ఈ చెట్టును తరచుగా జంబేరి, రంగపూర్ నిమ్మ వంటి పుల్లని జాతుల వేరు మీద అంటుకడతారు. వేరు పులుపైనా కాయ తీపే.

చూశారా, ఈ నాలుగు పేర్లలో ఏదీ ఒక భాషకే సొంతం కాదు. అన్నీ బయటి ఊళ్ల నుంచి వచ్చి మన ఇళ్లలో స్థిరపడ్డవే, మన పూర్వుల్లాగే. కాబట్టి మీ అబ్బాయి బడిలో మోసంబి అంటే అననివ్వండి. ఇంట్లో చీనీ అన్నా, బత్తాయి అన్నా తప్పని దిద్దకండి. ఆ మాట వాడికెలా వచ్చిందో చెప్పండి. కారణం తెలిసిన మాటను పిల్లలు అంత తేలిగ్గా వదులుకోరు.