నీళ్లు కక్కే బండి

మన క్యాంపుల్లో పాత అంబాసిడర్ గురించి ఏ పెద్దవాళ్లని కదిపినా రెండు మాటలు వస్తాయి. ఎంతమంది ఎక్కినా మోసేదని ఒకటి, దారిలో నీళ్లు కక్కేదని ఇంకోటి. మొదటిది మురిపెంగా చెప్తారు, రెండోది బండికి పుట్టుకతో వచ్చిన రోగంలాగా చెప్తారు. మా ఇంట్లో ఉన్న 1978 నాటి బండి కిందటేడు ఆ రోగం పేరు మీదే తుక్కు కింద పోవాల్సింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాల్సిందే అని ఒక షెడ్డులో చెప్పేశారు. ఖర్చు విన్నాక పెదనాన్న ఇచ్చేద్దామనే అన్నారు. నిజానికి ఆ రోగంలో సగం రోగమే కాదు. మిగతా సగానికి కారణం ఇంజిన్‌లో లేదు, ఈ ప్రాంతపు నీళ్లలోనూ దుమ్ములోనూ ఉంది.

1953 బళ్లారికి విచిత్రమైన సంవత్సరం. ఆ ఏడే తుంగభద్ర కాలువలకి నీళ్లు వదిలారు. ఆ ఏడే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్లారి, సిరుగుప్ప, హొసపేట వగైరా మైసూరు వైపు వచ్చాయి. అంటే నీళ్లూ గీతా ఒకే ఏడు వచ్చాయి. జొన్న, పత్తి వేసే నల్లరేగడిలో వరి పండించడం తెలిసినవాళ్లు కావాల్సి వచ్చింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి అక్కడి ఎకరం అమ్మి ఇక్కడ నాలుగైదు ఎకరాలు కొనుక్కుని వచ్చినవాళ్లతో ఊరి పేరు చివర "క్యాంపు" అన్న మాట పుట్టింది. మా తాతయ్య వాళ్లు అలా సిరుగుప్ప తాలూకాకి వచ్చినవాళ్లే.

ఆస్తి ఇక్కడ, చుట్టాలు అక్కడ. పెళ్లికీ, చావుకీ, సంక్రాంతికీ అటు పోవాలి. సిరుగుప్ప నుంచి ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు, నంద్యాల, అక్కణ్ణుంచి నల్లమల ఘాటు ఎక్కి గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట. నాలుగు చేలు బాగా పండాక మన ఇళ్లలో బండి కొన్నది దర్జాకి మాత్రమే కాదు, ఈ దారికి. అప్పట్లో దొరికేవి ఎన్ని? అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. మట్టి డొంకల్లో, పదిమందిని కుక్కుకుని పోవాలంటే అంబాసిడరే.

ఆ అంబాసిడర్ మన ఎండకి పుట్టింది కాదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారుని 1950ల చివర హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తరపారలో చెయ్యడం మొదలుపెట్టారు. 1489 సీసీ ఇంజిన్ కూడా అక్కడిదే. మంచు కురిసే దేశంలో గీసిన రేడియేటరు నంద్యాల దాటాక రెండో గేరులో, మే నెలలో, డిక్కీలో బియ్యం బస్తాతో ఎక్కాలి. ఇంజిన్ కష్టం ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. కక్కక ఏం చేస్తుంది!

పాత డ్రైవర్లకి ఇదంతా తెలుసు. ఘాటులో ముల్లు పైకి పోతే ఆపేవాళ్లు గానీ ఇంజిన్ కట్టేసేవాళ్లు కారు. బానెట్ ఎత్తి, ఇంజిన్ని కొంచెం రేసులో తిరగనిచ్చేవాళ్లు. ఇంజిన్ ఆగితే నీళ్ల పంపూ ఫ్యానూ ఆగుతాయి, లోపలి ఇనుములో ఉన్న వేడంతా నిలిచిపోయిన నీటికి ఎక్కి అప్పుడే బుసబుసా పొంగుతుంది. మూత వెంటనే తీయనిచ్చేవాళ్లు కారు. కాలిన ఇంజిన్లో చన్నీళ్లు పోయనిచ్చేవాళ్లు కారు, హెడ్డు పగులుతుందని. ఇంత తెలిసినవాళ్లు థర్మోస్టాట్ మాత్రం పీకి అవతల పడేసేవాళ్లు, మన ఎండకి ఇదెందుకని. ఆ ఒక్క విషయంలో మేము వాళ్లతో ఏకీభవించం.

రేడియేటరు చరిత్రంతా ఈ పొంగుని అదుపు చేసే చరిత్రే అనొచ్చు. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో చాలావాటికి పంపే లేదు, వేడి నీరు పైకి, చల్లనిది కిందికి దానంతటదే తిరిగేది. 1901 నాటి మెర్సిడెస్‌కి విల్‌హెల్మ్ మేబాఖ్ తేనెపట్టులాంటి రేడియేటరు చేశాక తక్కువ నీటితో ఎక్కువ వేడి తీయడం కుదిరింది. తర్వాత స్ప్రింగు మూత వచ్చింది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి ఆపే మూత పెడితే నీటి మరుగు స్థానం (మేము కన్నడ బడిలో కుదియువ బిందు అని చదువుకున్నది) 100 నుంచి 110 డిగ్రీలు దాటి పోతుంది. 1961లో రెనో 4 కారు పొంగిన నీటిని పక్క సీసాలో పట్టి, చల్లారాక మళ్లీ లోపలికి తీసుకునే పద్ధతి పెట్టింది. మా బండికి ఆ సీసా లేదు. మూత దగ్గర సన్నటి గొట్టం ఒకటి కిందికి వేలాడుతుంది. పొంగింది నేల పాలే.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 30 డిగ్రీల నీరు 90 డిగ్రీలకి కాగితే నూటికి మూడు పాళ్లు ఉబ్బుతుంది. 8 లీటర్లు పట్టే బండిలో అది పావు లీటరు. పొద్దున్నే మూత అంచుదాకా నింపితే ఆ పావు లీటరు ఎక్కడికి పోవాలి? గొట్టంలోంచి రోడ్డు మీదికి. మర్నాడు తక్కువైందని మళ్లీ అంచుదాకా నింపుతాం, మళ్లీ కక్కుతుంది. ఏళ్ల తరబడి మన ఇళ్లలో రోజూ జరిగింది ఇదే.

అందుకని ఎంత పోయింది అన్నది కాదు, ఎప్పుడు పోయింది అన్నది చూశాం. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం మా ఉద్యోగం. తప్పుని మళ్లీ రప్పించి చూడాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి అన్నది అక్కడి అలవాటు. గొట్టం చివర ఒక సీసా కట్టాం. అంచుదాకా నింపి తోలితే పావు లీటరు పడి ఆగిపోయింది. అంగుళం కిందికి నింపి పొద్దున్న ఇరవై కిలోమీటర్లు తోలితే చుక్క పడలేదు. నిలబెట్టి అరగంట నడిపినా పడలేదు. మధ్యాహ్నం బళ్లారి రోడ్డు మీద 70లో పోయి ఆపగానే మాత్రం అర లీటరు పైనే పడింది.

ఇది పెద్ద ఆధారం. నిలబడి ఉన్నప్పుడు కాగి, పరుగులో చల్లబడితే గాలి చాలట్లేదని, అంటే ఫ్యాను, బెల్టు చూడాలి. నిలబడ్డప్పుడు బాగుండి పరుగులో కాగితే రేడియేటరు గొట్టాల్లో నీరు సరిగ్గా పారట్లేదని అనుమానించాలి. గ్యాస్కెట్ మాటకొస్తే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ని మూత తీసి, ఫ్యాన్ బెల్టు విప్పి, ఒక్క నిమిషం నడిపాం. సిలిండరు గాలి నీళ్లలోకి వస్తుంటే అప్పుడే బుడగలు వరసగా వస్తాయి. రెండు మూడు వచ్చి ఆగిపోయాయి. ఆయిలు మజ్జిగలాగా తెల్లబడలేదు, ప్లగ్గులు పొడిగా ఉన్నాయి. ఇంజిన్ విప్పక్కర్లేదని అప్పుడు ధైర్యం వచ్చింది. మూత మార్చాం, రబ్బరు రాయిలా అయిపోయింది. పొంగు తగ్గింది గానీ పోలేదు. చివరికి ఆపిన వెంటనే రేడియేటరు మీద చెయ్యి ఆనించి చూస్తే పైన కాలుతోంది, కింద సగంలో అక్కడక్కడ చల్లగా ఉంది. నీరు పోని గొట్టాలు అవే.

బళ్లారిలో రేడియేటరు పని చేసే ముసలాయన మాటు కరిగించి పై తొట్టి, కింది తొట్టి ఊడదీశాడు. కింది తొట్టిలో వేలెడు మందాన నల్లటి ఒండ్రు, కాలువ నీళ్లది. గొట్టాల లోపల సుద్దలాంటి తెల్లటి పెచ్చు, కాలువ కట్టేసిన నెలల్లో పోసిన బోరు నీళ్లది. బయట రేకుల మధ్య వరి పొట్టు, నూర్పిళ్లప్పటి గడ్డి నుసి, వాటి మీద ఎర్రటి దుమ్ము. ఆ ఎరుపు ఎప్పటిదో చెప్పక్కర్లేదు. 2000 తర్వాత సండూరు కొండల ఖనిజం లారీలు బారులు తీరిన రోజుల్లో, 2011 జులైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించేదాకా, ఈ జిల్లాలో ఇంటి గోడలే ఆ రంగుకి తిరిగాయి. తాతయ్యకి భూమినిచ్చిన కాలువా, బాబాయి వేయించిన బోరూ, మేము చిన్నప్పుడు చూసిన లారీలూ ఒకే రేడియేటర్లో దొరికాయి.

సన్నటి కమ్మీతో గొట్టాలన్నీ పొడిచి, కడిగి, మళ్లీ మాటు వేశాడు. రెండు గొట్టాలు బాగుపడలేదు, మూసేశాడు. షెడ్డులో చెప్పిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. ఈ ఏడు సంక్రాంతికి బండి నల్లమల ఎక్కింది. పెదనాన్న ముందు సీట్లో కూచుని దారంతా ముల్లునే చూశారు, గిద్దలూరు దాకా మాట్లాడలేదు. గొట్టం చివర సీసా పొడిగానే ఉంది.

మీ ఇంట్లో ఇంకా ఇలాంటి బండి ఉంటే కాలువ నీళ్లూ బోరు నీళ్లూ పోయకండి, శుద్ధి చేసిన నీటితో కలిపిన కూలెంటు పోయండి. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, చీపురు పుల్లతో కొలిచి అంగుళం ఖాళీ వదలండి. పుల్ల బానెట్ కిందే ఒక మూల పెట్టుకుంటే వెతుక్కునే పని ఉండదు.